ఒలికిన సాంబారు, అరిగిన బుష్‌లు

నేను ఒక చిన్న కారును. పుట్టినప్పుడు తెల్లగా ఉండేదాన్ని. ఇప్పుడు నన్ను చూసి మర్యాద తెలిసినవాళ్ళు మీగడ రంగంటారు, తెలియనివాళ్ళు మాసిన కాలరు రంగంటారు. ఉత్తరాదిన ఒక పెద్ద ఫ్యాక్టరీలో, నాలాంటి వందలాది అక్కచెల్లెళ్ళతో పాటు వరసలో నడుస్తూ ఒళ్ళు కూడదీసుకున్నాను. ఒకచోట తలుపులు, ఒకచోట అద్దాలు, ఇంకోచోట రంగు. అన్నీ అయ్యాక ఎవరో నా కిందికి వంగి వెనక వైపు రెండు రబ్బరు ముక్కలు దూర్చి బోల్టులు బిగించారు. వాటిని బుష్‌లంటారు.

బుష్ గురించి ముందే చెప్పాలి, లేకపోతే నా కథ అర్థం కాదు. నా వెనక చక్రాల ఇరుసును పట్టుకుని ముందుకు చాచిన ఇనుప చేతులు రెండున్నాయి. ఆ చేతులు నా ఒంటికి తగిలే చోట ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా మధ్యలో కూర్చునే రబ్బరే బుష్. గోతిలో పడ్డ ప్రతి దెబ్బనీ అది మింగాలి. మింగినన్నాళ్ళూ అలాంటిదొకటి ఉందని ఎవరికీ తెలియదు. ఇక చక్రాల నడుమ బేరింగులు, అంటే ఇనుప గోళీలు పేర్చిన కడియాలు. వాటి పేరూ పాడయ్యాకే మనుషుల నోట వినిపిస్తుంది.

నా మొదటి యజమాని కొవ్వూరులో ఒక లాయరుగారు. కోర్టు ఆయన ఇంటికి ఎదురుగుండానే ఉండేది. అయినా కారులోనే వెళ్ళేవారు. వీధి దాటడానికి రివర్సు గేరుతో కలిపి అన్ని గేర్లూ వాడిన మనిషి ఆయనొక్కరే. ఆ తర్వాత ఒక సినిమా హాలు మేనేజరు కొనుక్కుని నా నెత్తి మీద మైకు బిగించాడు. "నేడే చూడండి" అంటూ ఊళ్ళన్నీ తిప్పాడు. ఏ బొమ్మకైనా అదే గొంతు, అదే పొగడ్త. చూడనివాడి జన్మ వృథా అనేవాడు గాని, హాల్లో కూర్చుని పూర్తిగా ఒక్క సినిమా చూసినట్టు నాకు గుర్తులేదు. మైకు తీసేశాక నెత్తి మీద రెండు చిల్లులు మిగిలాయి. వాటికి మైనం పూసి, నన్ను రాజమండ్రి పేర్రాజుకి అంటగట్టాడు.

పేర్రాజు గూడ్సు రైలు గార్డు. ఒకసారి బండెక్కాడంటే ఎప్పుడు దిగుతాడో ఆ బండికే తెలియాలి. మెత్తని మనిషి. మోరంపూడి దగ్గర ఒక సందులో పక్కపక్కనే ఉన్న రెండు వాటాల ఇంట్లో, ఒకదాంట్లో తనూ తన భార్య సత్యవేణీ, రెండోదాంట్లో అతని అక్క వెంకటరత్నం ఉండేవారు. రత్నం భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. ఆమెకున్నది ఒకటే ఆస్తి, చేతిరుచి. ఆమె సాంబారు వాసన వీధి మలుపు దాకా వచ్చి మనిషిని పిలుచుకెళ్ళేది.

ఆ వాసన పట్టుకునే నర్సింగ్ కాలేజీ హాస్టలు వార్డెన్ ప్రమీలగారు ఒకసారి ఆ ఇంటికి వచ్చి, రోజూ ఉదయం ఆడపిల్లలకి ఇడ్లీలూ సాంబారూ పంపగలరా అని అడిగింది. రత్నం వండుతానంది. సత్యవేణి చట్నీలు నూరి, నన్ను నడిపి, చేరవేస్తానంది. పెళ్ళయిన నాటి నుంచీ సత్యవేణికి తనదంటూ ఒక పని ఉండటం అదే మొదలు. డ్రైవింగు నేర్చుకున్నప్పుడు సందులోవాళ్ళు నవ్వారు. హాస్టలు ఆర్డరొచ్చాక అదే సందులోవాళ్ళు దారి ఇచ్చారు. కొన్నాళ్ళు అంతా బాగానే సాగింది. వెనక సీటు పీకేసిన చోట నా కడుపులో ఇడ్లీ డబ్బాలు, డిక్కీలో మూత పెట్టిన సాంబారు డేగిసా, ముందు సీట్లో చట్నీ గిన్నెలు. నేను కారునన్న మాట మర్చిపోయి హోటలునేమో అనుకునేదాన్ని.

అప్పుడే నా వెనక బుష్‌లు అరగడం మొదలెట్టాయి.

మొదట రబ్బరు పగిలింది. తర్వాత ముక్కలుగా రాలింది. చివరికి ఇనుప చేతులు నా ఒంటిలో ఖాళీగా అటూ ఇటూ ఊగసాగాయి. రోడ్డు మీద ఏ చిన్న ఎత్తొచ్చినా వెనక భాగం ఒక పక్కకి జారి, మళ్ళీ టక్కుమని వచ్చి కూర్చునేది. ఎడమ చక్రం బేరింగు కూడా దానికి తోడై, కాస్త వేగం అందుకుంటే చాలు గూ... అని మూలిగేది. రైలుగేటు దాటేటప్పటికి సాంబారు మూత కింద నుంచి తన్నుకొచ్చేది. హాస్టలు చేరేసరికి డేగిసాలో సగం, డిక్కీలో సగం.

ఈ సంగతి నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు, హారను తప్ప. ఆ హారను కూడా ఇంకొకరు నొక్కితేనే.

హాస్టలు వార్షికోత్సవం నాడు సాంబారు మరీ ఎక్కువ ఒలికి, అతిథులొచ్చిన పూట ఆడపిల్లలు ఇడ్లీని కారప్పొడితో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక వాకిట్లోనే మొదలైంది.

"ఎద్దుబండి తోలినట్టు తోలితే ఒలక్కేం చేస్తదే?" అంది రత్నం.

"అంచుదాకా పోస్తే ఒలక్కేం చేస్తదండీ?" అంది సత్యవేణి.

"పొద్దున్నే లేచి పప్పుతో పాటు నేనూ ఉడికి వండేనే అది!"

అక్కడితో ఆగితే బాగుండేది. సత్యవేణికి ఆ రోజు వార్డెన్ చేత అందరిముందూ చీవాట్లు తినొచ్చిన మంట ఇంకా తగ్గలేదు. "ఒలికింది రోడ్డుకే కదండీ, తినేవోళ్ళు బతికిపోయేరు," అనేసింది.

రత్నం ముఖం మాడిన అట్టులా అయిపోయింది. వెనక్కి తిరిగి తన వాటాలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ వేళ నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

అయితే ఆర్డరు ఆపలేరు గదా. పొద్దున్నే రత్నం డేగిసా తెచ్చి నా డిక్కీలో పెట్టేది, సత్యవేణి ఇడ్లీ డబ్బాలు సర్దేది. చెప్పుకోవాల్సినవి మాత్రం ఇద్దరూ నాతో చెప్పేవారు. "ఏమే కారూ, సాంబారు వేడిగా ఉంది, మూత ముట్టుకోవద్దని చెప్పు," అని రత్నం నా బానెట్ మీద తట్టేది. "కారూ, ఇవాళ చట్నీకి కొబ్బరి తక్కువైంది, రేపటికి రెండు కాయలు తెప్పించాలని చెప్పు," అని సత్యవేణి స్టీరింగుతో అనేది. రెండో మనిషి రెండడుగుల దూరంలోనే ఉండేది. ఎవరు చెప్పింది ఎవరికి చేరిందో తెలియదన్నట్టు ఇద్దరూ గంభీరంగా తలుపులు వేసేవారు. నా ముందు యజమాని మైకుతో ఊరందరికీ చెప్పినా వినేవాళ్ళు కాదు. ఇక్కడ నా బోటి మూగదానికి చెప్పినవి రెండు వాటాలకీ వెంటనే అందేవి.

పేర్రాజు మధ్యలో పడి సర్దడానికి చూశాడు. అక్క దగ్గర సత్యవేణిని తిట్టేవాడు, సత్యవేణి దగ్గర అక్కని తిట్టేవాడు. గోడ పలచనిది కావడం వల్ల రెండూ రెండువైపులా వినబడేవి. "డ్యూటీలో అయితే ఎర్రజెండా, పచ్చజెండా రెండూ నా చేతిలోనే ఉంటాయి. ఇంటికొస్తే రెండువైపులా ఎర్రజెండాలే," అని నా తలుపుకి ఆనుకుని నిట్టూర్చి, బండి వచ్చిందన్న కబురు రాగానే సంతోషంగా వెళ్ళిపోయేవాడు. ఇనుమూ ఇనుమూ మధ్య నలిగినవాడి బాధ నాకు తెలుసు. నా వెనకాల అలాంటివి రెండున్నాయి మరి.

ఒక శుక్రవారం వార్డెన్ ప్రమీలగారు సగం డేగిసా చూసి చేతులు కట్టుకుంది. "అమ్మా సత్యవేణీ, నాకు మీ వంట మీద కంప్లయింటు లేదు. కానీ పిల్లలకి చాలట్లేదు. సోమవారం నుంచి నిండు గిన్నె రాకపోతే నేను వేరేవాళ్ళని చూసుకుంటాను. ఏమనుకోవద్దు," అంది.

సత్యవేణి ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పింది. కాస్త గట్టిగానే చెప్పింది. రత్నం తన గుమ్మంలో బియ్యం ఏరుతున్నదల్లా చేట పక్కన పెట్టి లేచింది. తాళం వేసి వచ్చి, ఎవరూ పిలవకుండానే నా కడుపులోకెక్కి, ఖాళీ డబ్బాల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"కారూ, ఒకసారి రైలుగేటుదాకా పోనిమ్మను. ఎట్టా తోలుతుందో నా కళ్ళతో చూస్తాను."

సత్యవేణి స్టార్టు చేసింది. ఎంత జాగ్రత్తగా నడిపిందంటే సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయాయి. అయినా మొదటి స్పీడుబ్రేకరు దగ్గర నా వెనక భాగం పక్కకి జారి టక్కుమంది. రత్నం ఒక డబ్బా మీంచి ఇంకో డబ్బా మీద పడింది. లేచి కూర్చుని మళ్ళీ పడింది. రైలుగేటు ముందు బండి ఆగగానే దిగి, కొంగు నడుముకి చుట్టి, నా వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపింది. చక్రం ఊడేందుకు సిద్ధంగా ఉన్న పన్నులా కదిలింది.

రత్నం చాలాసేపు ఆ చక్రాన్ని చూసింది. ఇన్నాళ్ళూ మరదల్ని తిట్టిన తిట్లన్నీ లోపల మళ్ళీ లెక్కపెట్టుకుంటున్నట్టు అనిపించింది నాకు.

"కారూ, తోలేవోళ్ళ తప్పు కాదంట. చక్రమే ఊగుతోందని చెప్పు," అంది చివరికి.

సత్యవేణి అద్దంలోంచి ఆమెను చూసింది. "చెప్పక్కర్లేదు, వినబడింది," అంది, అదీ నాతోనే.

మా మెకానిక్ సూరిబాబు మాల వేసుకుని శబరిమల వెళ్ళాడు. పక్క షెడ్డువాడు నా కిందికి తొంగి చూసి, వెనక బుష్‌లు రెండూ పోయాయనీ, బేరింగులు కూడా మార్చాలనీ చెప్పాడు గాని, "బళ్ళు నిండిపోయేయండి, వచ్చే వారం చూద్దాం," అన్నాడు. ఈ మధ్యలో సోమవారం ఒకటి ఉందని అతనికి తెలియదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చిన పేర్రాజుని సత్యవేణి సామాను దుకాణానికి తరిమింది. బుష్‌లు, బేరింగులు, తుప్పు వదిలించే నూనె డబ్బా పట్టుకొచ్చి, దుకాణం ఆయన చెప్పిన మాటలు అరకొరగా అప్పజెప్పి, రాత్రి బండికి డ్యూటీ ఎక్కేశాడు. మిగతా విద్య ఫోనులో చూసి నేర్చుకుందామనుకుంది సత్యవేణి.

ఫోనులో దొరికినాయన మలయాళీ. నాలాంటి కారునే ఎత్తిపెట్టి, నవ్వుతూ, మాట్లాడుతూ, అరటిపండు ఒలిచినట్టు చక్రాలు విప్పేశాడు. ఆయన ఏమంటున్నాడో ఇద్దరికీ తెలియదు. శనివారం పొద్దున్న టిఫిన్లు ఇచ్చొచ్చాక ఫోను నా బానెట్ మీద నిలబెట్టారు. సత్యవేణి ఎడమ పక్క, రత్నం కుడి పక్క. ఒకరి చేతులు ఒకరికి తగలకుండా చూశారు.

"కారూ, ఆయన ముందు బోల్టు వదులు చేసేడు చూడమను."

"కారూ, కాదు, ముందు చక్రమే తీసేడని చెప్పు."

ఆఖరి ఘట్టంలో ఆ మలయాళీ వేలు చూపించి ఏదో గట్టిగా హెచ్చరించబోయాడు. సరిగ్గా అప్పుడే బంగారు నగల ప్రకటన అడ్డొచ్చింది. ఇద్దరూ నగలు శ్రద్ధగా చూశారు. అది అయ్యేసరికి వీడియో కూడా అయిపోయింది.

సత్యవేణి నైటీ మీద పేర్రాజు పాత యూనిఫాం చొక్కా తొడుక్కుంది. ముందు చక్రాలకి రుబ్బురోలు పొత్రం అడ్డం పెట్టింది. డిక్కీలోని జాకీ తీసి, కింద ఒక ఇటుక వేసి, నన్ను పైకి లేపింది. అది బియ్యం కడిగిన నీళ్ళు, గంజి రోజూ పారబోసే చోటు. పైకి గట్టిగా కనబడినా లోపలంతా మెత్తన. నాకు జాకీ కాలు కొంచెం కొంచెంగా దిగుతున్నట్టు తెలుస్తూనే ఉంది. నేనేం చేయగలను? హారను నొక్కే దిక్కు కూడా లేదు.

చక్రం తీసేసి సత్యవేణి బోర్లా పడుకుని నా కిందికి దూరింది. రత్నం అరుగు మీద కూర్చుని కరివేపాకు దూస్తోంది. అటు తిరిగి కూర్చుంది గాని, చూపు ఇటే ఉంది. సత్యవేణి బోల్టుకి స్పానరు పెట్టి బలంగా లాగింది. ఇటుక చిట్లింది. జాకీ వాలింది.

"సత్యా! బయటికి రావే!"

కరివేపాకు వాకిలంతా చిమ్మింది. రత్నం ఒక్క ఉరుకులో వచ్చి, సత్యవేణి కాళ్ళు రెండూ పట్టుకుని గోనెసంచి ఈడ్చినట్టు ఈడ్చింది. ఆమె తల బయటికొచ్చిందో లేదో నేను దబ్బున కూలబడ్డాను. ఎక్కడికక్కడ ఆగడానికి ఎంత ప్రయత్నించినా నా బరువు నా మాట వినలేదు. పేర్రాజు చొక్కా అంచు, చక్రం బిగించే నా ఇనుప డ్రమ్ము కింద ఇరుక్కుపోయింది. సత్యవేణి లేవబోతే పర్రుమని చిరిగింది.

రత్నం సత్యవేణి వీపు మీద ఒక్కటిచ్చింది. మళ్ళీ ఒకటిచ్చింది. తర్వాత ఆ వీపునే కావలించుకుని ఏడుపు మొదలెట్టింది.

"చచ్చిపోతే నేనెవరితో బతకనే? సాంబారు ఒలికితే ఒలికింది. ఆ వార్డెన్ పోతే పోయింది. నువ్వేమైనా అయితే వాడికి నా మొహం ఎట్టా చూపించను?"

సత్యవేణి ఆమె చేతుల్లోనే ఇటు తిరిగి అంది: "వదినగారూ, మీరు నాతో మాట్లాడేరండీ."

"మాట్లాడలేదు. అరిచేను."

"పోన్లెండి, కారుతో మాత్రం కాదు గదా."

రత్నం కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే సత్యవేణి కూడా ఏడవడం మొదలెట్టింది. "ఆ రోజు మాట తప్పండీ. మీ సాంబారు బాలేదని ఎవరంటారండీ? వార్డెన్ చేత అందరిలో తిట్లు తిన్న కోపం మీ మీద చూపించేను," అంది. "నాకు తెల్దేంటే? అయినా నేను మాత్రం తక్కువన్నానా. ఎద్దుబండి అన్నాను," అంది రత్నం. ఎవరి తప్పు ఎక్కువో తేలక ఇద్దరూ కొంతసేపు పోటీపడ్డారు. నేను ఒరిగిపోయి, ఒక కాలు విరిగిన మంచంలా, వింటూ పడున్నాను.

తర్వాత పని వేరే రకంగా సాగింది. బట్టలుతికే బండ దొర్లించుకొచ్చి గట్టినేల మీద వేసి, దాని మీద జాకీ పెట్టారు. పెద్ద వంటల కోసం దాచిన చింతమొద్దులు తెచ్చి, నన్ను లేపగానే రెండుపక్కలా నా కింద పేర్చారు. రత్నం నా ఒంటిని రెండు చేతులతో తోసి, భుజంతో తోసి, చివరికి తుంటితో కూడా తోసి చూసి, కదలనని నమ్మకం కలిగాకే "ఇప్పుడు దూరు," అంది. జాకీ దగ్గర నుంచి కదలనే లేదు.

తుప్పుపట్టిన బోల్టు మొండికేసింది. స్పానరుకి బోరింగు గొట్టం ముక్క తొడిగి ఇద్దరూ దానికి వేలాడారు. "లాగవే!" "లాగుతున్నానండీ!" "ఇటు కాదు, అటు!" "ఆయన ఇటే తిప్పేడండీ వీడియోలో!" "ఆయన అటుపక్క నిలబడ్డాడే!" బోల్టు కీచుమని వదిలింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. పక్కింటి గోడ మీంచి ఒక తల పైకొచ్చింది. మళ్ళీ తిట్టుకుంటున్నారనుకుందేమో, పకపకా నవ్వుతుంటే చూసి కంగారుగా కిందికి వెళ్ళిపోయింది.

నా పాత బుష్ బయటికొచ్చింది. పొడవాటి బోల్టు దూర్చి, ఒక చివర ఇనుప గొట్టం ముక్క ఆనించి, రెండో చివర మర బిగిస్తుంటే పనసతొన ఊడినట్టు మెల్లగా ఊడింది. పుట్టినప్పటి నుంచీ నాతో ఉన్నదది. ఎండిన ఉసిరికాయంత కూడా మిగల్లేదు. రత్నం అరచేతిలో పెట్టుకుని చూసి, "ఇంతేనా! ఈ ముక్క కోసమా మనం ఇన్నాళ్ళు మాటలు మానుకున్నది?" అంది.

కొత్తది దూరనంది. రత్నం ఆముదం సీసా తెచ్చింది. సత్యవేణి అడ్డుపడింది. "నూనె తగిల్తే రబ్బరు ఉబ్బి పాడైపోద్దంటండీ. సబ్బునీళ్ళు రాయమన్నాడంట దుకాణం ఆయన."

"సబ్బెందుకే? పొద్దున తలంట్లకి నానేసిన కుంకుడుకాయలుండగా!"

కుంకుడు నురగ పూశారు. బోల్టు తిప్పుతుంటే కొత్త బుష్ సాఫీగా జారి లోపల కూర్చుంది, రెండో పక్కదీ అంతే. వెనక భాగానికి తలంటు పోయించుకున్న కారుని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

బేరింగు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇద్దరూ అనుమానంలో పడ్డారు. పాతది సుత్తితో కొడితే వచ్చింది గాని, కొత్తది డ్రమ్ములోకి ఎలా పోతుంది? మలయాళీ దగ్గర పెద్ద యంత్రం ఉంది. వీళ్ళ దగ్గర లేదు. సత్యవేణి ఆలోచించి, "ఇత్తడి గ్లాసులో స్టీలు గ్లాసు ఇరుక్కుంటే ఏం చేస్తామండీ?" అంది. "పైదాన్ని వేడినీళ్ళలో పెట్టి, లోపలిదాంట్లో చన్నీళ్ళు పోస్తాం," అంది రత్నం. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బేరింగు ఫ్రిజ్‌లో ఐసు గడ్డల పక్కకి వెళ్ళింది. నా డ్రమ్ము ఇడ్లీల పొయ్యెక్కింది.

నేనప్పుడు వాకిట్లో మొద్దుల మీద ఉన్నాను. నాలో ఒక భాగం వంటింట్లో ఉడుకుతోందన్న ఊహ నాకు అంత ఇష్టంగా లేదు. రత్నం మధ్యమధ్య నీళ్ళు చిలకరించి చూసిందట. చుర్రుమనగానే పట్టకారుతో ఇద్దరూ పట్టుకుని పరుగున బయటికి తెచ్చారు. సత్యవేణి పాతగుడ్డలో చుట్టిన బేరింగు తెచ్చి పైన పెట్టింది. అది టప్‌మని దానంతటదే లోపలికి దిగిపోయింది. సుత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్న రత్నం సుత్తి వదిలేసి చప్పట్లు కొట్టింది. రెండోది అంత సులువుగా దిగలేదు. ఒక పక్కకి వాలి ఆగిపోతే మళ్ళీ పొయ్యెక్కించి, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రానికి కూర్చోబెట్టారు.

ఆదివారం పొద్దున్న నన్ను కిందికి దించారు. హాస్టలుకి ఆ రోజు సెలవు. ఇద్దరూ గొప్పగా వెనక్కి వెళ్ళి నిలబడి చూశారు. చూసి, మొహాలు చూసుకున్నారు. నా వెనక భాగం పొడవడానికి లేచిన ఆంబోతులా పైకి ఎగిసి ఉంది. మలుపుదాకా నడిపితే ప్రతి కుదుపుకీ కిర్రుకిర్రుమంటోంది. కొత్త బుష్‌లు లోపల మెడ పట్టేసినట్టు మెలితిరిగి ఉన్నాయి. నాకు తెలుస్తోంది. వాళ్ళకి తెలియడం లేదు.

"నువ్వేదో తిరగేసి పెట్టేవే."

"నేనా? నురగ ఎక్కువ పూసింది మీరు గదండీ!"

గొంతులు లేచాయి. సరిగ్గా అప్పుడే పేర్రాజు చేతిలో పెట్టెతో సందు మలుపు తిరిగాడు. అక్క గొంతూ భార్య గొంతూ కలిసి వినబడగానే గేటు పక్కన స్తంభం చాటుకి తప్పుకున్నాడు. ఆ మనిషి పాపం, వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారన్న సంగతి గ్రహించడానికి చాలాసేపు పట్టింది. గ్రహించాక నెమ్మదిగా లోపలికొచ్చి, నా వెనక భాగం చూసి నాలిక కరుచుకున్నాడు.

"అక్కా... ఆ దుకాణం ఆయన ఇంకో మాట చెప్పేడే. బుష్ బోల్టులు గాల్లో ఉండగా బిగించకూడదంట. బండి నేల మీద నిలబడి, బరువు పడ్డాకే ఆఖరు బిగింపంట. చెప్పడం మర్చిపోయేను."

రెండు తలలూ ఒకేసారి అతని వైపు తిరిగాయి.

"మర్చిపోయేవా?" అంది అక్క.

"మర్చిపోయేరా?" అంది భార్య.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ అన్నవి నేను పూర్తిగా చెప్పలేను. ఒకరు మొదలెట్టిన వాక్యాన్ని ఇంకొకరు పూర్తి చేస్తున్నారు. ఒకరికి ఊపిరి అందకపోతే ఇంకొకరు అందుకుంటున్నారు. చిరిగిన చొక్కా దగ్గర మొదలుపెట్టి, అతను చిన్నప్పుడు బడికి పలక మర్చిపోయి వెళ్ళిన సంగతి దాకా వచ్చింది. పేర్రాజు పెట్టె కింద పెట్టి, తల వంచుకుని అన్నీ విన్నాడు. ఎంత ఆపుకున్నా అతని మూతి నవ్వుతోంది. అది చూసి వాళ్ళకి ఇంకా కోపం వచ్చింది.

"నవ్వుతున్నాడు చూడు! ఎక్కించవే వీణ్ణి!"

వెనక చక్రాల కింద వెడల్పాటి బండలు పెట్టి నన్ను వాటి మీదికి ఎక్కించారు. నా కడుపులో పేర్రాజుని, అతని చుట్టూ నీళ్ళు నింపిన డబ్బాలని కూర్చోబెట్టారు. బరువుకి నా వెనక భాగం సుఖంగా కిందికి దిగింది. సత్యవేణి కిందికి దూరి బోల్టులు వదులు చేసింది. మెలితిరిగిన రబ్బరు ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకుని సర్దుకుంది. మళ్ళీ బిగించింది. "కదలమాకు! బరువు తగ్గిపోద్ది!" అని రత్నం కిటికీలోంచి తమ్ముడి నోట్లో ఒక ఇడ్లీ ముక్క పెట్టింది. అతను కదలకుండా నమిలాడు.

సోమవారం పొద్దున్న రత్నం డేగిసాని అంచుదాకా నింపింది. సత్యవేణి చూసి కూడా ఏమీ అనలేదు. రత్నం డబ్బాల మధ్య కాకుండా ముందు సీట్లో చట్నీ గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదటి స్పీడుబ్రేకరు దగ్గర ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. నేను మెత్తగా ఎక్కి మెత్తగా దిగాను. టక్కు లేదు. రైలుగేటు పట్టాల మీద ఇద్దరి చేతులూ కలుసుకున్నాయి. మూలుగు లేదు. హాస్టలు వాకిట్లో ప్రమీలగారే స్వయంగా మూత తీసింది. సాంబారు నిండుగా, పైన కరివేపాకు తేలుతూ, చెక్కు చెదరకుండా ఉంది.

"ఏం చేశారమ్మా?" అంది ఆవిడ.

"బుష్‌లు మార్చేమండి," అంది రత్నం. "బేరింగులు కూడానండి," అంది సత్యవేణి. ఆవిడ అదేదో కొత్త రకం మసాలా అనుకున్నట్టు తల ఊపింది.

శబరిమల నుంచి వచ్చిన సూరిబాబు నా కిందికి తొంగి చూసి, పని ఎవరు చేశారని అడిగి, ప్రసాదం ఇద్దరికీ చెరిసగం పెట్టి వెళ్ళిపోయాడు. పాత బుష్‌లూ బేరింగులూ ఇనప సామాను కొనేవాడి బండి మీద వెళ్ళిపోయాయి. నాతో పుట్టినవి, నాకన్నా ముందు వెళ్ళాయి. వాటి వెనకే ఏదో ఒక రోజు మిగతా నేను కూడా వెళ్ళాలని తెలుసు. తొందరేం లేదు. నెత్తి మీద చిల్లులకి మొన్న కొత్త మైనం పూశారు.

ఇప్పుడు రోజూ ఇద్దరూ కలిసే వస్తారు. మాటలు మానుకున్నన్నాళ్ళు దాచుకున్నవన్నీ ఇంకా అవ్వలేదు. రత్నం ఆడపడుచుగా మొదలెట్టి అమ్మలా చెబుతుంది. సత్యవేణి గేరు మార్చడానికి తప్ప మధ్యలో ఆగదు. పోయిన వారం ఎవరి పెళ్ళిలోనో ఎవరో కట్టుకున్న చీర గురించి మొదలైన మాట ఎంత ముదిరిందంటే, హాస్టలు గేటు వచ్చింది, పోయింది. గేటు దగ్గర కంచాలు పట్టుకు నిలబడ్డ ఆడపిల్లలు "ఆంటీ! ఆంటీ!" అని అరుస్తూ కొంతదూరం వెంటపడ్డారు. ఇద్దరికీ వినబడలేదు.

ధవళేశ్వరం బ్యారేజీ కనబడ్డాక రత్నం మాట మధ్యలో ఆగి, "ఇదేంటే, గోదారొచ్చింది?" అంది.

సత్యవేణి బ్రేకు వేసి, చుట్టూ చూసి, నన్ను వెనక్కి తిప్పింది. డిక్కీలో సాంబారు చుక్క ఒలకలేదు. "సరేగాని," అంది సత్యవేణి రెండో గేరు వేస్తూ, "ఆవిడ కట్టుకున్నది పట్టంటారా, కాదంటారా?"

"పట్టా! నా మొహం!" అని రత్నం మళ్ళీ మొదలెట్టింది.